తమ్ముడి కొలత

నాకు ఈతొచ్చింది నలభై దాటాక. అదీ స్నేహితురాళ్ల పోరు పడలేక. కాలేజీ రోజుల్లో ఒకే గదిలో ఉన్న నలుగురం అండమాన్‌ వెళ్లి, తెరచాప పడవ ఒకటి మాట్లాడుకుని, సముద్రం మీదే నాలుగు రోజులు తిరుగుదామని ఒకతి అంది. రెండోది అప్పుడే ఆవకాయ ఎంత తేవాలో చెప్పేస్తోంది. మూడోదానికి ఎండ టోపీల పిచ్చి. "వస్తున్నావా లేదా? నాన్చకు" అని ముగ్గురూ ఫోన్లో మీద పడితే వస్తున్నాననేశాను. ఫోన్‌ పెట్టేశాక గానీ ఏమన్నానో తెలియలేదు.

నీళ్లలో మా తమ్ముడున్నాడు.

వాడికి పదకొండేళ్లప్పుడు, గోదావరికి వరద ఎర్రనీళ్లొచ్చిన రోజుల్లో, గౌతమి పాయ దాటుతుంటే నాటుపడవ ఒరిగింది. మిగిలినవాళ్లంతా గట్టెక్కారు. వాడు దొరకలేదు. శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలన్నారు పెద్దలు. "గడ్డిబొమ్మని చూపించి కొడుకనుకోమంటారా?" అని అమ్మ వాళ్లని గుమ్మం దాకా తరిమింది. నాన్న తను పోయేదాకా అడుగుతూనే ఉన్నారు, ఆవిడ ఒప్పుకుంటేగా! వాడు పోయాడన్న మాట అమ్మ నోట ఎప్పుడూ రాలేదు. "ఇంకా రాలేదు" అంటుంది.

గోదావరి జిల్లాలో పుట్టి చేప వండని ఇల్లు మాది. పులస రోజుల్లో వీధంతా పులుసు వాసనేస్తుంటే మేం పప్పుచారు పోసుకునేవాళ్లం. "వాడు తిరిగే నీళ్లవి" అనేది అమ్మ. ఇప్పుడు మండపేటలో నా దగ్గరే ఉంటోంది, ఇక్కడా అదే చట్టం. మా ఆయనకి చేప తినాలనిపిస్తే వాళ్లక్క ఇంటికి వెళ్లాలి, పాపం.

అలాంటి మనిషికి సముద్రం మీదికి వెళ్తున్నానని ఎలా చెప్పను? స్కూల్లో టీచర్లమంతా ఊటీ వెళ్తున్నామన్నాను. ఆదివారాలు రాజమండ్రి వెళ్లి ఈత నేర్చుకున్నాను. నీళ్లలో తల ముంచినప్పుడల్లా "అక్కా" అని వినపడేది. అది చెవుల్లో హోరని నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ తల తిప్పి చూసేదాన్ని. ఆ రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

ఓ సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి, ఆన్‌లైన్లో నేను తెప్పించుకున్న లైఫ్‌ జాకెట్‌ చీర మీద తొడుక్కుని అమ్మ హాల్లో కూర్చుని ఉంది. కొరియర్‌ పెట్టె కాళ్ల దగ్గర పడుంది. తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఇదేసుకుంటే తేలతారా?"

"తేలతారమ్మా."

"పిల్లల సైజులు కూడా ఉంటాయా?"

"ఉంటాయి."

బెల్టులు విప్పబోతే నా చెయ్యి తోసేసింది. "ఊటీలో సముద్రం ఎప్పుడొచ్చిందే?" అంది.

ఇంక దాచి లాభం లేక అంతా చెప్పేశాను. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"వాణ్ని పంపించకుండా నిన్ను నీళ్ల మీదికి పంపను. ఒక్కడే ఉన్నాడు వాడు. అక్కా అని పిలిస్తే నువ్వాగుతావా? వాడి మాట ఏనాడైనా కాదన్నావా? దూకేస్తావు. బాబాయికి ఫోన్‌ చెయ్యి. ఆ బొమ్మేదో చేయించేద్దాం."

నాన్న అడిగీ అడిగీ పోయిన పని అది. నా సరదా కోసమా ఇప్పుడు? నాకు ఒళ్లు మండిపోయింది, అమ్మ మీదో నా మీదో తెలియలేదు. "నేను మానేస్తాలే" అన్నాను.

"నోర్ముయ్‌. వెళ్తానన్నదానివి వెళ్లు. ఒకణ్ని నీళ్లకిచ్చానని నిన్ను ఎన్నాళ్లు కట్టేసుకుంటాను?"

కోటిపల్లి రేవులో పంతులుగారు దర్భలు ముందేసుకుని, "బాబు ఎంత ఎత్తుండేవాడండీ?" అని అడిగారు. నేను భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆయన ఆ కొలతకి బొమ్మ మొదలెట్టారు.

"అదేంటే!" అమ్మ అరుపుకి రేవులో వాళ్లంతా ఇటు తిరిగారు. "వాడింకా అంతే ఉన్నాడా? వాడి ఈడువాళ్ల పిల్లలు కాలేజీకెళ్తున్నారు!"

సంచిలోంచి కొత్త చొక్కా తీసి ఇసుక మీద పరిచింది. మా ఆయన చొక్కాల కంటే పెద్దది. ఏటా వాడి పుట్టినరోజుకి అమ్మ గుడి దగ్గర ఎవరో ఒకరికి చొక్కా ఇస్తుందని నాకు తెలుసు. ఏటికేడాది దాని సైజు పెంచుతూ వచ్చిందని మాత్రం అప్పుడే తెలిసింది.

పంతులుగారు మరో కట్ట దర్భలు విప్పారు. బొమ్మ నాకంటే పొడుగైంది. చొక్కా సరిపోయింది. బాబాయి నిప్పంటించాక అమ్మ ఏడ్చింది, అన్నేళ్లదీ కలిపి. ఆవిణ్ని పట్టుకుని నేనూ ఏడ్చాను.

కర్మలన్నీ అయ్యాకే అండమాన్‌ వెళ్లాను. మొదటిరోజు పడవ ఆపగానే ముగ్గురూ నీళ్లలోకి దిగి గోల చేస్తుంటే నేనూ దిగాను. తల ముంచి ఊపిరాగేదాకా విన్నాను. హోరు తప్ప ఏమీ లేదు. మర్నాడు ఒక దీవి ఒడ్డున సిగ్నల్‌ దొరగ్గానే అమ్మ ఫోన్‌ వచ్చింది.

"ఏమే, పిలిచాడా?"

"లేదమ్మా."



"ఎందుకు పిలుస్తాడులే, పెద్దాడయ్యాడుగా" అని పెట్టేసింది.