మా ఊరి మీదుగా విమానం

చెవులు దిబ్బడేసిన కాసేపటికి విమానం వంగింది. కిటికీలోంచి నాపరాళ్ళ గనులు తెల్లగా, గాట్లు పెట్టినట్టు కనిపించాయి. మా తాండూరే అయి ఉండాలి. ముంబైకి గంటంబావు ప్రయాణమని లోపల చెబుతున్నారు. ఇక్కడ చాయ్ తెచ్చిన అమ్మాయిని కూడా ధర తగ్గించమని అడిగి నవ్వుకున్నదాన్ని నేను, కిరాణా కొట్టులో పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది! కానీ ఆ గంటంబావు మాట వినగానే నవ్వు ఆగిపోయింది. పొద్దున చీకటితో తాండూరులో బస్సెక్కి, వికారాబాద్ మీదుగా శంషాబాద్ చేరి, మళ్ళీ నా ఇంటి మీదుగానే ఎగురుతున్నాను. ఇది చూపించడానికి సుజాతక్క లేదు. పోయినేడే చనిపోయింది.

తాండూరు స్టేషన్ రోడ్డులో రైలు, విమానం టికెట్లు తీసిచ్చే దుకాణం ఆమెది. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చి షట్టర్ ఎత్తేది. డిగ్రీ అయ్యాక నన్ను పనిలో పెట్టుకుంది. నా నోరు చూసి పెట్టుకున్నానని, ఆ నోరు చూసే భయపడుతున్నానని అనేది.

ఒక మధ్యాహ్నం కొడంగల్ వైపు నుంచి కిష్టయ్య అనే రైతు వచ్చాడు. ముంబైలో కట్టడం పనిలో కొడుకు పైనుంచి పడ్డాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, తొందరగా రమ్మన్నారు.

"విమానానికి ఎంతసేపైతది బిడ్డా?"

"గంటంబావే పెద్దయ్యా! ఇట్ల కూసుంటవ్, అట్ల దిగుతవ్," అన్నాను. విమానం టికెట్ అమ్మబోతున్నానని నాకు లోపల సంబరం.

అక్క పక్కనుంచి అందుకుంది. "ఇయ్యాల అందదు పెద్దయ్యా. శంషాబాద్ పోవుడే మూడు నాలుగు గంటలు. ఇప్పుడు సీటున్నది రేపు మధ్యాహ్నం దానికే. బొంబాయి రైలు ఇయ్యాల సాయంత్రం మన స్టేషన్లనే ఆగుతది. తెల్లారేసరికి కొడుకు కాడుంటవ్."

కిష్టయ్య తల అడ్డంగా ఊపాడు. "కొడుకు పానం మీదికొస్తే రైల్ల పోయిండు, పిసినారోడు అంటరమ్మా. లోకం ఊకుంటదా?"

"లోకం ఆస్పత్రిల ఎదురు చూస్తలేదు. నీ కొడుకు చూస్తుండు."

ఆయన ముఖం తుడుచుకుని లేచాడు. అక్క తానే స్టేషన్‌కు తీసుకుపోయి, టికెట్ తీసి, బోగీలో కూర్చోబెట్టి వచ్చింది. నేను ఊరుకోలేక, చేతికొచ్చిన బేరం వదిలేశావేమక్కా అన్నాను.

"గంటంబావు విమానానికి పిల్లా, మనిషికి కాదు. మనిషి గడప దాటినప్పటికెల్లి లెక్క," అంది, చెప్పులు విడుస్తూ.

నెల దాటాక కిష్టయ్య మళ్ళీ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పొద్దు పొడిచే యాళ్లకు పోయిన. నన్ను గుర్తు పట్టిండు. చెంచాతోని నీళ్ళు తాపిన, తాగిండు," అన్నాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుని, "ఎండ నెత్తి మీదికొచ్చేసరికి పోయిండు," అన్నాడు.

అంటే మేము విమానం టికెట్ ఇచ్చి ఉంటే, ఆ విమానం అప్పటికింకా లేచి ఉండేది కాదు. అక్క ఆ మాట అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ఆ దుకాణం నాది. ఎంతసేపని ఎవరడిగినా, చిన్న అంకె చెప్పెయ్యాలని నా నాలుక ముందుకే దూకుతుంది. ఆపుకుని, మీది ఏ ఊరు అని అడిగి, వాళ్ళింటి ముంగిట నుంచి లెక్క చెబుతాను. సగం బేరాలు అక్కడే పోతాయి. పోతే పోనీ అనుకోవడం మాత్రం నాకింకా పూర్తిగా రాలేదు. అయినా చెబుతూనే ఉన్నాను.