రెండు చోట్ల పేరు

ఆ ఏడాది బడి పనితో పాటు నాచారంలో నాలుగు వీధుల ఓటర్ల జాబితా సరిచూసే పని నా మీద పడింది. సాయంత్రం బడి వదలగానే కాగితాల సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఎవరున్నారు, ఎవరు పోయారు, ఎవరు ఇల్లు మారారు, ఎవరి పేరు రెండు చోట్ల ఉంది అని అడిగి రాసుకోవాలి. ఓటుకు ఏ కాగితాలు చూపాలి, కొత్త చట్టం రావాలా వద్దా అని టీవీల్లో రోజూ వాదనలు. నేను గుమ్మంలో నిలబడితే చాలు, ఆ వాదన ఇంట్లోనూ మొదలయ్యేది.

ఒక ఇంటి యజమాని రిటైరైన గుమాస్తా. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "గట్టిగ జెయ్యాలె మేడమ్. కాగితం లేకుంటే ఓటు లేదు, అంతే. గట్లయితెనే దొంగ ఓట్లు పోతయ్" అన్నారు.

ఆ ఇంటి వెనక గదిలో అద్దెకుండే ఆవిడ అప్పుడే పని నుంచి వచ్చింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. యాభై దాటిన మనిషి, భర్త పోయాక ఒంటరిగానే ఉంటోంది. చెప్పులు విప్పుతూ ఆ మాట విన్నది.

"కాగితాలు మీ బీరువల ఉంటయ్ సార్. మాయి వానకు తడుస్తయ్, ఇల్లు మారితే పోతయ్. మరి మేం దొంగలమా?"

"నిన్నన్ననా అక్కా?" అని ఆయన నొచ్చుకున్నారు. లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చారు.

నేను కాగితం చూసుకున్నాను. ఆవిడ పేరు నాచారంలో ఉంది, నల్గొండ వైపు వాళ్ల ఊళ్లోనూ ఉంది. ఎక్కడ నివాసముంటే అక్కడే ఓటుండాలని, రెండోది తీయించుకోవాలని చెప్పాను.

"రెండు తావుల ఎన్నడు ఎయ్యలే మేడమ్" అంది వెంటనే. "ఊర్లనే ఏస్త. ఓట్లొచ్చినయంటే ఎప్పుడొస్తున్నవని ఫోన్ జేస్తరు. బస్సు దిగంగనే నలుగురు పలకరిస్తరు. ఈడ నన్నెవరు పిలుస్తరు?"

రూలే మళ్లీ చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీది ఆంధ్ర దిక్కు మాట లెక్కుంది. మరి మీ ఓటు ఒక్కతాన్నే ఉందా?" అని అడిగింది.

ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. పెళ్లయి వచ్చాక ఉప్పల్లో ఓటు రాయించుకున్నాను. తెనాలి దగ్గర మా ఊరి జాబితాలో పేరు అలాగే ఉండిపోయింది. నీ ఓటరు స్లిప్పు వచ్చిందక్కా అని తమ్ముడు ప్రతి ఎన్నికకూ చెబుతూనే ఉంటాడు.

"నాదీ రెండు చోట్లా ఉంది" అన్నాను.

ఇంటి యజమాని పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయితే ఇద్దరం తీపిచ్చుకుందాం. జర రెండు దినాలు టైమియ్యున్రి" అంది.

ఇంటికి రాగానే మా ఊరి జాబితాలోంచి నా పేరు తీసేయమని ఫోన్లో దరఖాస్తు పెట్టాను. కారణం దగ్గర నివాసం మారింది అని నొక్కాను. మారి ఇరవై ఏళ్లయింది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "ఇన్నేళ్లూ నీ స్లిప్పులు పారేయకుండా దాచానక్కా" అన్నాడు.

మూడో రోజు వెళ్లేసరికి ఆవిడ నా కోసమే గడపలో కూర్చుని ఉంది.

"ఊర్ల పేరే తీసెయ్యున్రి. నేను బతికేది ఈడనే గదా."

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టాక కూడా పెన్ను వెంటనే ఇవ్వలేదు.

కొన్ని వారాలకు ముసాయిదా జాబితా మా బడి గోడకు అంటించాం. ఆవిడ పనికి వెళ్తూ ఆగింది. పేరు ఉంది, భర్త పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించాలని రాసుకున్నాను. ఆ పేజీలో మిగతా పేర్లు కూడా చదవమంది. చదువుతుంటే ఒకచోట ఆపింది.

"ఈమె ఏడుంటది?"

"మీకు రెండిళ్ల అవతలే."

"రోజు ఒక్క ఆటోల్నే పోతం. పేరు గిప్పుడే తెలిసింది" అంది.

ఇంకో పేజీ చదవమంటుందేమో అనుకున్నాను. ఇంతలో కంపెనీ టైమైపోతోందని గబగబా వెళ్లిపోయింది.