వాపు తగ్గిందని బస్సెక్కినం

ఆ పొద్దు వాన కొంచెం తెరిపిచ్చింది. కర్నాటక దిక్కు పడమటి కనుమలల్ల ఒక వాగు పక్కన నన్ను బండ మీద కూసోబెట్టి, మా ఆయన నా కాళ్లకు పట్టిన జలగలను ఉప్పు అద్ది తీస్తున్నడు. ఒక చెయ్యి నా మడమ మీద ఉంది. ఇంకో చెయ్యి పక్కన రాలిన ఆకుల మీద ఆనిచ్చిండు. ఉన్నట్టుండి ఆ చెయ్యి గుంజుకున్నడు.

"ఏమైంది?" అన్న.

"కరిచింది" అన్నడు. భయపడ్డట్టు లేదు, ఆశ్చర్యపోయినట్టుంది.

ఆకులల్ల చూస్తే జానెడు పాము. ఎండుటాకు రంగు, మూతి కొంచెం పైకి తిరిగి ఉంది. మాతోని వచ్చిన ఆ ఊరి గైడు గణపతి కట్టె ఎత్తబోయిండు. మా ఆయన ఆపిండు. "దాన్నేమనకు. దాని జాగల మనమే కూసున్నం" అని, దూరంకెల్లి ఫోన్ల ఒక ఫోటో తీసిండు. చెయ్యి ఉబ్బుతదని ఉంగరం తీసి నా చేతిల పెట్టిండు. "గుడ్డతోని బిగియ్యకు. నడుచుడు తక్కువ ఉండాలె, జల్ది దవాఖానకు పోవాలె" అన్నడు. గణపతి ఆయనను వీపు మీద ఎత్తుకొని జీపు కాడికి దిగిండు. వెనుక నేను జారుకుంట, లేసుకుంట.

మా ఆయన పేరు సాయిలు. ఎల్లారెడ్డిల మోటర్ వైండింగ్ షాపు నడిపేటోడు. నేను ఇంట్ల బట్టలు కుడుత. ఎవరింట్ల పాము జొచ్చినా ఆయనకే ఫోన్ వచ్చేది. నాగుపామైనా, కట్లపామైనా కొక్కెంతోని డబ్బాల ఎక్కించి అడవిల ఇడిచిపెట్టి వచ్చేది. ఒక్కసారి గూడ కాటు పడలేదు. పెండ్లయి శానా ఏండ్లయినా మాకు పిల్లలు కాలే. "పాములను ముట్టుకుంటడు, నాగదోషం తాకింది" అని చుట్టాలు నా మొఖం మీదనే అనేటోళ్లు.

వానకాలంల ఆ గుట్టలల్ల తిరిగి, ఫోటోలల్ల చూసిన పాములను చెట్ల మీద చూడాలని ఆయనకు ఎప్పటి సందో కోరిక. "నువ్వు గూడ రా. ఈ మాటలకు దూరంగ నాల్గొద్దులు ఉండొద్దాం" అన్నడు. పెండ్లయినంక మేమిద్దరమే పోయిన ఊరు అదొక్కటే. ఎక్కుడు దిగుడు, నిలువు గుట్టలు, నెత్తి మీద పడుకుంటనే ఉండే వాన. కాటు పడ్డ ముందు రోజు, కొమ్మకు చుట్టుకున్న పచ్చటి పామును ముందుగల్ల చూసింది నేనే. "నా కండ్లకు కనవడలే, నీకెట్ల కనవడ్డదే!" అని చిన్నపిల్లగాని లెక్క నవ్విండు. ఆ నవ్వు ఇప్పటికీ యాదికుంది.

గుట్ట కింద చిన్న దవాఖాన. డాక్టర్ గాజు ట్యూబుల రక్తం తీసి పక్కన పెట్టి, కొంచెంసేపటికి వంచి చూసిండు. నీళ్ల లెక్క జారింది. "బ్లడ్ క్లాట్ అయితలేదు" అని హిందీల చెప్పిండు. ఫోటో చూసి మొఖం చిన్నగ చేసుకున్నడు. "ఇది హంప్ నోస్డ్ పిట్ వైపర్. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ, అంటే పాము విషానికి ఇచ్చే మందు, దీనికి పనిచెయ్యదు. సపోర్టివ్ ట్రీట్‌మెంట్ ఒక్కటే. కిడ్నీల మీద కన్నేసి ఉంచాలె."

పాము కాటుకు మందు ఉంటదని తెలుసు. మందు లేని పాము ఉంటదని ఆ రోజే ఇన్న.

చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. చిగుర్లకెల్లి రక్తం కారింది. సెలైన్ ఎక్కించిండ్రు, ప్లాస్మా ఎక్కించిండ్రు. తర్వాత తర్వాత రక్తం గడ్డకట్టుడు మొదలైంది, వాపు దిగింది, ఇడ్లీ తిన్నడు. మా పాణం నిమ్మలమైంది. డాక్టర్ మాత్రం "ఇంకో రెండు మూడు రోజులు ఉండండి, కిడ్నీలు ఎట్ల ఉన్నయో క్రియాటినిన్ పరీక్ష చేసి చూడాలె" అన్నడు. మా ఆయన ఇనలే. "భాష రాని ఊర్ల ఈమె ఒక్కతి ఆగమైతుంది సార్. మా కామారెడ్డిల చూపించుకుంట" అన్నడు. దిగంగనే క్రియాటినిన్ చేయించుమని డాక్టర్ రెండుసార్లు చెప్పిండు.

బస్సుల పడుకుంట వచ్చిండు. దాబా కాడ అందరు దిగిండ్రు, ఆయన దిగలే. "ఒంటికి వస్తలేదు" అన్నడు. నీళ్లు సరిగ తాగలేదు కదా అనుకున్నం. కామారెడ్డిల దిగేటాలకు కండ్ల కింద ఉబ్బింది, చెప్పులు కాళ్లకు పడుతలేవు. కష్టం మీద వచ్చిన మూత్రం చాయ డికాక్షన్ లెక్క ఉంది.

దవాఖానల రిపోర్టు చూసిన డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "మూత్రం ఆగి ఎంతసేపైంది?" నేను లెక్క చూడలే. అంబులెన్స్‌ల హైదరాబాద్ పంపిండ్రు. మెడల క్యాథెటర్ పైపు ఏసి డయాలసిస్ మొదలువెట్టిండ్రు.

"పాము కాటుల కిడ్నీలు ఆగినా, శానా మందికి కొన్ని వారాలల్ల మళ్ల పనిచేస్తయి" అన్నరు. ఆ మాట పట్టుకొని బతికినం. పొద్దుగాల లేస్తే యూరిన్ బ్యాగ్ చూసుడే నా పని. కొంచెం కనవడ్డా అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఆ కొంచెం మించి రాలే. ఆఖరుకు బయాప్సీ చేసిండ్రు. కిడ్నీ డాక్టర్ కుర్చీ దగ్గరికి గుంజుకొని కూసుండు. "కార్టికల్ నెక్రోసిస్ అమ్మా. కిడ్నీ పై పొర చచ్చిపోయింది. ఇవి మళ్ల రావు."

"ఆడనే ఆగితే బాగుపడేటోడా సార్?" అని అడిగిన.

"చెప్పలేం. డయాలసిస్ జల్ది మొదలయ్యేది. కిడ్నీలు మిగిలేవని మాత్రం అనలేను."

ఆయన వార్డుల పడుకొని ఉన్నడు. నేను పోంగనే మొఖం చూసి, "అయిపోయిందా?" అన్నడు. తలకాయ ఊపిన. నా చెయ్యి పట్టుకొని గోడ దిక్కు తిరిగిండు.

అప్పటికెల్లి వారానికి మూడుసార్లు ఎల్లారెడ్డిల బస్సెక్కి కామారెడ్డి పోయి డయాలసిస్ చేయించుకునుడు. అత్తమ్మ కిడ్నీ ఇస్తనంటే షుగర్ ఉందని వద్దన్నరు. నేను ఇద్దామంటే పరీక్షలల్ల నాది కుదరలే. వేరేటోళ్ల కిడ్నీ కోసం పేరు రాయించినం. ఎండకాలం అన్నిటికన్న కష్టం. రోజుకు ఇన్ని నీళ్లే అని లెక్క. ఆయనకు చల్ల అంటే పాణం. గ్లాసు నాకిచ్చి "నువ్వు తాగు, నేను చూస్త" అనేటోడు. నేను తాగకపోతే కోపం చేసేది.

ఒకరోజు మా వాడకట్టుల ఒకరింట్ల పెద్ద జెర్రిపోతు జొచ్చింది. ఆయన ఎడమ చేతికి డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి చేసిన ఫిస్టులా ఉంది, బరువు ఎత్తొద్దు. గడప కాడ కుర్చేసుకొని కూసుండి, "లావణ్యా, భయపడకు, విషం ఉండదు. తోక నిమ్మలంగ పట్టు. సంచి మూతి గోడ పొంట పెట్టు, చీకటి కనవడితే అదే పోతది" అనుకుంట నాతోని పట్టిచ్చిండు. అది నిజంగనే సంచిలకు జారిపోయింది. కాటు పడ్డ నాటి సంది ఆయన పండ్లు కనవడేటట్టు నవ్వింది ఆ రోజే.

చుట్టాలల్ల ఒకామె వచ్చి మళ్ల దోషం మాట ఎత్తింది, ఫలానా కాడ పూజ చేయించుమన్నది. అంతకుముందు అత్తమ్మ గూడ ఆ మాటలు ఇని ఊకునేది. ఆ రోజు ఊకోలే. "నా కొడుకు ఒక్క పామునన్న సంపిండా? సంపేటోళ్ల చేతులకెల్లి గుంజుకొచ్చి బతికిచ్చిండు. లే, మా ఇంట్లకెల్లి లే" అన్నది. ఆయన మంచం మీద ఇంటనే ఉన్నడు. "అవ్వా, ఇటు రా" అని పిలిచి ఆమె ఒళ్లె తల పెట్టుకున్నడు.

తర్వాత ఫిస్టులా మూసుకపోయింది. మళ్ల మెడల క్యాథెటర్ ఏసిండ్రు. ఒక పొద్దు మిషన్ మీద ఉండంగనే వణుకుడు మొదలైంది, దుప్పట్లు కప్పినా ఆగలే. "క్యాథెటర్ ఇన్ఫెక్షన్, బ్లడ్‌లకు పోయింది" అన్నరు. హైదరాబాద్‌కు మళ్లొకసారి పోయినం. ఐసీయూల నన్ను లోపలికి ఇడిచినప్పుడు నీళ్లు అడిగిండు. నర్సమ్మ దూది తడిపి ఇచ్చింది. పెదవులకు అద్దిన. "చల్ల లేదా?" అన్నడు. ఇంటికి పోంగనే ఇస్తనన్న. తెల్లారి పగటి పూట పాణం పోయింది.

రెండు వానకాలాలు గడిచినయి. అత్తమ్మ, నేను ఉంటున్నం. బట్టలు కుడుతున్న. పాముల మీద కోపం రాదా అని అడుగుతరు. రాదు. బస్సెక్కుతా అన్న మనిషి మీద వస్తది ఒక్కోపారి. ఆయన లేడు కాబట్టి ఆ కోపం ఎవరికి చెప్పాల్నో తెల్వదు.

పోయిన వానకాలం మా వాడకట్టు బాలామణిని నాట్లేస్తుంటే రక్తపింజర కరిచింది. దానికి ఏఎస్‌వీ ఉంది, జల్దినే ఇచ్చిండ్రు, వాపు దిగింది. ఇంటికి తీస్కపోతమని ఆమె మొగడు డాక్టర్‌తోని గొడవ పెట్టుకుంటున్నడు. నేను దవాఖానకు పోయి ఆయన ముందట నిలవడ్డ. "అన్నా, వదినెకు మూత్రం వచ్చిందా? ఎంత వచ్చింది?" అని అడిగిన. ఆయనకు తెల్వదు. నా మొఖం చూసి, డాక్టర్ దిక్కు తిరిగి ఉంటమన్నడు. ఆ రాత్రికే ఆమెకు క్రియాటినిన్ పెరిగింది. అక్కడనే ఉంది కాబట్టి వెంటనే డయాలసిస్ చేసిండ్రు. కొన్ని వారాలకు కిడ్నీలు కోలుకున్నయి.

ఇది చదివేటోళ్లకు చెప్పేది ఒక్కటే. పాము కరిస్తే చిన్నదా పెద్దదా అని చూడకుండ్రి, దవాఖానకు పోండ్రి. వాపు దిగిందని ఇంటికి రాకుండ్రి. మూత్రం ఎంత వస్తుందో గిన్నెల పట్టి చూడుండ్రి. తక్కువైనా, రంగు మారినా అప్పటికప్పుడే చెప్పుండ్రి. డాక్టర్ పొమ్మనేదాకా మంచం దిగకుండ్రి.

మొన్న బాలామణి మళ్ల నాట్లకు పోయింది. మా ఇంటి ముందటికెల్లే తొవ్వ. ఆగి, "పోయొస్త లావణ్యా" అన్నది. కాళ్లకు బూట్లు ఏసుకుందా లేదా చూసి, "పోయి రా" అన్న. ఆమె మూల తిరిగేదాకా చూసి తలుపేసుకున్న. లోపల అత్తమ్మకు బాలామణి మాట ఇని కొడుకు యాదికొచ్చినట్టుంది, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని కూసుంది. పోయి పక్కన కూసున్న.