నన్నూ అడిగిన ఆఫీసరు

మొన్న మంగళవారం పొద్దున అనంతపురం నుంచి ఫోను వచ్చింది. "నాయన పోయినాడక్కా. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టినాడు" అంది ఆయన కూతురు. ఆయన నాకు బంధువు కాదు. నా వెంటపడి వేధించిన నా మొగుణ్ణి కనిపెట్టి ఉండమని కోర్టు పెట్టిన ప్రొబేషన్ ఆఫీసరు.

తొంభైల చివర నేను ఉరవకొండలో గది తీసుకుని, పక్క పల్లె బడిలో పంతులమ్మగా చేసేదాన్ని. కొట్టే మొగుణ్ణి నేను వదిలొచ్చానే గాని, అతను నన్ను వదల్లేదు. బడి గేటు దగ్గర, కొళాయి దగ్గర, బస్సులో, ఎక్కడ చూసినా అతనే. చంపుతానన్నాక కేసు పెట్టాను. నేరం రుజువైంది. అయినా జైలుకు పంపలేదు. మంచిగా నడుచుకుంటానని బాండు రాయించుకుని, రెండేళ్లు ఆఫీసరు నిఘాలో ఉండమన్నారు. నా ఇంటికీ బడికీ నేనెక్కే బస్సుకూ రాకూడదని షరతు.

నెల తిరక్కుండానే ఆఫీసరు బడికి వచ్చారు. గొడుగు మడిచి పక్కన పెట్టి, పిల్లల బెంచీ మీదే కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. పోయి అతణ్ణే బాగు చేసుకోండి, నాతో పనేమని అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"ఆయప్ప నెలనెలా వచ్చి బాగుండానని సంతకం పెడతాడమ్మా. నువ్వు బాగుండావో లేదో నిన్నడిగితేనే కదా నాకు తెలిసేది."

అప్పటిదాకా అందరూ ఏం జరిగిందనే అడిగారు. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. ఆయన వెళ్లాక నల్లబల్ల వైపు తిరిగి ఏడ్చాను.

ఐదో నెలలో అతను నా బస్సెక్కి నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఒక్క మాటా అనలేదు. బస్సు అందరిదీ కదా అన్నారు ఊళ్లో. ఆఫీసరు మాత్రం కండక్టరును కలిసి విచారించి, కోర్టుకు రాశారు. అతని తరఫు పెద్దమనుషులు వచ్చి ఆ రాత వెనక్కి తీసుకోమన్నారట.

"ఊరికే కూర్చున్నాడంతే కదా అన్నారమ్మా. ఆ పొద్దు ఆమెకు గుండె ఆగినంత పనయింది, అది నేను రాయకుంటే ఇంకెవరు రాస్తారప్పా అన్నా."

బాండు రద్దయింది. అతను ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఆఫీసరు అక్కడికి కూడా వెళ్లి అతణ్ణి పలకరించేవారని తెలిసి, కొన్నాళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన సంజాయిషీ చెప్పుకోలేదు. ఆ మాట్లాడని రోజులే ఇప్పుడు నన్ను బాధిస్తున్నాయి.

అనంతపురం వెళ్లి ఆయన కాళ్లకు మొక్కి బయటికి వచ్చేసరికి, వీధి మొదట్లో అతను. జుట్టు నెరిసింది. చేతిలో పూలదండ. ఇప్పుడు ఏ షరతూ లేదు, అతణ్ణి ఆపేవాళ్లూ లేరు. నన్ను చూసి అతను ఆగాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, గోడవైపు తిరిగి ఎండలో నిలబడ్డాడు.

నేను దాటి పోయేదాకా ఇటు తిరగలేదు.