మేకులు కొట్టిన కిటికీలు

ఈ శనివారం సాయంత్రం గౌలిపురలోని మా బస్తీ హాల్లో బ్లూస్ కచేరీ ఉంది. అమెరికాలో నల్లజాతి కూలీలు పాడుకున్న పాటలు, అక్కడి పల్లె పాటలు పాడటానికి సికింద్రాబాద్ నుంచి నలుగురు గిటార్లు పట్టుకొని వస్తున్నారు. హాలు బాగోగులు చూసుకునేది నేనే.

సోమవారం హాలు ఎదురింటి పెద్దాయన పోయాడు. ఆయన భార్యకూ నాకూ ఏళ్ల తరబడి పడదు. హాల్లో చిన్న మైకు మోగినా ఆమె గుమ్మంలోకి వచ్చి లొల్లి పెట్టేది. విసుగెత్తి, ఒకరోజు ఆమె ఇంటి వైపున్న కిటికీలు రెండూ మేకులు కొట్టి మూసేశాను. ఎంత పడకపోయినా, చావింటి ఎదురుగా పాటలేమిటి? గోడ మీది కచేరీ పోస్టర్ తీసేసి, ఆ మాట చెబుదామని వెళ్లాను.

ఆమె నట్టింట్లో గోడకు ఆనుకొని కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, శనివారం పాటలు బంద్ పెట్టిన," అన్నాను.

"ఏం పాటలు?"

"కష్టపడ్డోళ్లయి. మనిషి పోతే, పని పోతే పాడుకున్నయి."



"మీ పెద్దబాపు పోయినకాంచి ఇంట్ల సప్పుడే లేదు బిడ్డా. బంద్ పెట్టకు. పదకొండో దినం దాకా నేను గడప దాటొద్దు. ఈ దిక్కు కిటికీలు తెరిచి పెట్టు," అంది.

పొద్దుటి నుంచి ఆ మేకులే పీకుతున్నాను. కోపంతో కొట్టినవి కదా, ఒక్కటీ తేలిగ్గా రావడం లేదు.