మెహర్ గారి వాటా

మా ఆఫీసులో నీలం రంగు పెన్‌డ్రైవ్ ఒకటుండేది. ఏలూరులో కూర్చుని కొల్లేరు పక్కనున్న అరవై చేపల చెరువుల పని చూసే కంపెనీ మాది. మేత, నీళ్ల పరీక్షలు, లారీల రాకపోకలు అన్నీ ఆ పెన్‌డ్రైవ్ మీదే తిరిగేవి. ఓసారి అది చేపల లారీలో పడి కోల్‌కతా దాకా వెళ్లొచ్చింది. మాలో ఎవరం అంత దూరం వెళ్లలేదు.

దాని పీడ వదిలించడానికి వచ్చింది మెహర్. ఇరవై ఆరేళ్ల పిల్ల. వాళ్లమ్మ హలీమా గారు తివాచీలు నేసేవారు. మెహర్ వైర్లు సర్దుతుంటే ఆ నేత కనిపిస్తుంది, ఒక్క రంగూ పక్క రంగు మీదికి ఎక్కదు. నాలుగేళ్లలో తాడేపల్లిగూడెం నుంచి దెందులూరు దాకా పదకొండు ఆఫీసుల్లో సర్వర్లు పెట్టింది. పని కాగానే టీ ఇచ్చి పంపేసేవారట.

"పెళ్లిపందిరి వేసేవాళ్ల బతుకండీ నాది, దుర్గాభవాని గారూ. తీరా భోజనాల వేళకి మనం ఉండం" అని నాతో అని నవ్వేది. తనకంటూ ఓ బల్ల, ఓ కుర్చీ ఉన్న ఉద్యోగం కావాలి ఆ పిల్లకి. ఎంత నవ్వినా ఆ ఆశ దాగేది కాదు.

మా యజమాని వెంకట్రాజు గారు మాటిచ్చారు. "సోమవారం పదకొండింటికి నా గదిలోంచి అన్ని చెరువుల ఫైళ్లూ తెరుస్తానమ్మా. తెరుచుకుంటే ఆ కిటికీ పక్క బల్ల నీదే. లేదంటే విజయవాడ వాళ్లని పిలుస్తా."

శనివారం మధ్యాహ్నానికల్లా ఫైళ్లన్నీ సర్వర్‌లోకి చేరాయి. మా నాలుగు కంప్యూటర్లలోనూ, వెంకట్రాజు గారి దాంట్లోనూ కొత్తగా ఓ డ్రైవ్ వచ్చింది. కొల్లేరు పేరున దానికి కె అక్షరం పెట్టింది మెహర్. "ఇది అందరిదీ అండీ. ఎవరు ఎక్కడ తెరిచినా ఇదే కనిపిస్తుంది" అని చెప్పి, సంబరంగా స్కూటరెక్కి వెళ్లిపోయింది.

ఇక మా బుద్ధి చూడండి.

మేం నలుగురం, పెద్దిరాజు గారు, ప్రభావతి గారు, బిందు, నేను, కొల్లేరు లంకల్లో పుట్టినవాళ్లం. మా ఊళ్లలో ఉమ్మడి వల ఒడ్డుకొస్తే ఆ చేపల్ని అలా వదిలేసి ఎవరూ ఇంటికి వెళ్లరు. కుప్పలు పోసి పంచుకోవాల్సిందే. అందరిదీ అన్నదాన్ని పంచకుండా వదిలితే తెల్లారేసరికి తగువే. చెరువుగట్టు మీద ముప్పై ఏళ్లు చేసి ఆఫీసుకొచ్చిన పెద్దిరాజు గారు ఆ మాటే అన్నారు. మాకూ సబబుగానే తోచింది!

పద్ధతి ప్రకారం బిందుని గోడవైపు తిప్పి నిలబెట్టాం. పెద్దిరాజు గారు తెర మీద ఓ ఫోల్డర్ చూపించి "ఇది ఎవరికి?" అనడం, వెనక్కి చూడకుండా బిందు ఓ పేరు చెప్పడం. ఆ పేరుగల మనిషి దాన్ని కట్ చేసి తన కంప్యూటర్లో పెట్టుకోవడం. గంటలో పంపకం అయిపోయింది. ఒక్క తగువు లేదు. మా న్యాయానికి మేమే మురిసిపోయాం.

సోమవారం పదిన్నరకి మెహర్ కె డ్రైవ్ తెరిచింది. ఖాళీ. బ్యాకప్ డిస్కు రావడానికి ఇంకో రోజుంది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఫైళ్లేవండీ?"

"కంగారు పడకండమ్మా, ఒక్కటీ పోలేదు. ఎవరి వాటా వాళ్లు తీసేసుకున్నాం" అన్నారు పెద్దిరాజు గారు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

 మెహర్ నేల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. అప్పుడు వెలిగింది మాకు. ఇక చూడాలి పరుగులు! ప్రభావతి గారు మేత పంపారు, నేను లారీలు పంపాను, బిందు రెండుసార్లు మౌస్ కింద పడేసింది. పదకొండుకి ఐదు నిమిషాలుంది. అన్నీ వచ్చాయి, నీళ్ల పరీక్షలు తప్ప. అన్నిటికంటే ముఖ్యమైన ఫోల్డరు.

"అది మీ దగ్గరే ఉందిగా అండీ" అంది బిందు మెహర్‌తో.

మెహర్ వారం రోజులూ పనిచేసిన కిటికీ పక్క కంప్యూటర్లో ఉంది. 'మెహర్ గారి వాటా' అనే ఫోల్డర్ లోపల, మేం పెట్టినచోటే భద్రంగా.

"వల వేసిన మనిషికి వాటా లేకుండా ఎలా పంచుతామండీ?" అన్నారు పెద్దిరాజు గారు.

మెహర్ ఈసారి నవ్వలేదు. పేరు మార్చకుండా ఆ ఫోల్డర్‌ని అలాగే కె డ్రైవ్‌లోకి లాగింది. అది పూర్తిగా చేరేసరికి వెంకట్రాజు గారి గదిలో కుర్చీ కిర్రుమంది.

కాసేపటికి ఆయన గుమ్మంలోకొచ్చారు. "అన్నీ తెరుచుకున్నాయి. ఈ మెహర్ గారి వాటా ఏంటి?"

పెద్దిరాజు గారు లేచి నిలబడ్డారు. "ఆవిడదేనండీ. పంచేశాం. ఒకసారి వాటా ఇచ్చాక ఆ మనిషి మా వల మనిషేనండీ. పొమ్మనడానికి లేదు."

వెంకట్రాజు గారిదీ మా లంకే. కిటికీ వైపు చూశారు. "ఆ బల్ల దగ్గర కుర్చీ ఊగుతోంది. మంచిది వేయించండి" అని లోపలికెళ్లిపోయారు.

నేనైతే ఏడ్చేశాను, దాచడమెందుకు.

కొత్త కుర్చీలో కూర్చుని మెహర్ చేసిన మొదటి పని, కె డ్రైవ్‌లోంచి ఏదీ తీసుకుపోయే హక్కు మా నలుగురికీ లేకుండా చేయడం. తన వాటా మాత్రం ఆ పేరుతోనే ఇప్పటికీ అక్కడే ఉంది.