యాదన్న ఉంచుతానన్న క్యాసెట్

హైటెక్ సిటీలో మా ఆఫీసువాళ్ళు ఎక్కడి నుంచో పాత వీడియో గేమ్ మిషన్ ఒకటి తెచ్చి పెట్టారు. రిపేరుకని వెనక తలుపు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన. చిన్నప్పుడు హఫీజ్‌పేట్‌లో మా ఇంటి దగ్గర యాదన్న వీడియో గేమ్ షాపు గుర్తొచ్చింది. అక్కడి మిషన్ లోపలి బోర్డు మీద నాలుగు స్లాట్లు, నాలుగు ఆటలు. ఇంకో ఆట కావాలంటే యాదన్న ఒక క్యాసెట్ పీకి, మరోదాని పిన్నుల మీద ఉఫ్‌మని ఊది గుచ్చేవాడు.

ఒక రోజు ప్రత్యేక తెలంగాణ కోసం బంద్. షట్టర్ సగం దించి, సౌండ్ తీసేసి, నాకిష్టమైన విమానాల ఆట పెట్టాడు. అంతలో మా అమ్మ షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది.

"మనల్ని ఆంధ్రా పొమ్మనేవాళ్ళ కొట్లోనా నీ ఆటలు? నడు!"

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. యాదన్న మాత్రం, "జర ఆగుండ్రి అమ్మా, పిలగాని ఆట అయిపోనియ్యుండ్రి" అన్నాడు.

ఇంకా రెండు లైఫులున్నాయి. కావాలనే రెండుసార్లూ విమానాన్ని గుద్దించేశాను. ఆయనకు తెలియకుండా ఉంటుందా!

"రేపు రా బిడ్డా. గీ క్యాసెట్ గిట్లనే ఉంచుత."

తలెత్తలేకపోయాను. మర్నాటి నుంచి బడికి వేరే సందులోంచి వెళ్ళాను.

ఇందాక మిషన్ బాగయ్యాక, "ఒక ఆట ఆడతావా?" అని కొలీగ్ పిలిచాడు.

నాకు రాదన్నాను.